మారిపోసా ట్రెయిల్ మరణాలు: ఎండేనా, ఇంకేదైనా ఉందా? జూలైలో వెళ్లొచ్చా?

శాన్ రామోన్ నాన్న

అందరికీ నమస్కారం. జూలై రెండో వారంలో యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్దామని ఇంట్లో అనుకున్నాం. మా అత్తయ్యగారు, మామయ్యగారు మే నెలలో హైదరాబాద్ నుంచి వచ్చారు. పాపకు 14 నెలలు. పార్కు లోపల గదులు దొరక్క మారిపోసా ఊళ్లో మూడు రాత్రులకు బుక్ చేశాను.

మొన్న మా ఆవిడ ఆ చుట్టుపక్కల చూడాల్సినవి ఏమున్నాయా అని ఫోన్‌లో వెతికింది. మొదటే వచ్చింది 2021 ఆగస్టులో అక్కడి ట్రెయిల్ మీద చనిపోయిన కుటుంబం గురించిన వీడియో. భర్తకు 45 ఏళ్లు, భార్యకు 30, ఏడాది పాప, వాళ్ల కుక్క. ఆదివారం పొద్దున నడకకు వెళ్లారు. మంగళవారం కుక్కతో సహా అందరూ దారి మీదే చనిపోయి కనిపించారు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. మొదట అక్కడికి చేరినవాళ్లు విషవాయువేమోనని భయపడి హజ్‌మాట్ జాగ్రత్తలు తీసుకున్నారట.

ఒక వీడియో చూస్తే ఇంకో పది వచ్చాయి. పాత బంగారు గనిలోంచి గ్యాస్ వచ్చిందని ఒకరు, నదిలో విషపు పాచి అని ఒకరు, ఎవరో చంపారు, దాస్తున్నారని ఇంకొకరు. మా ఆవిడకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. "మన పాప వయసే" అని ఒకటే మాట. బుకింగ్ రద్దు చేస్తే కొంత డబ్బు పోతుంది, పోతే పోనీ. అక్కడ అసలు ఏం జరిగిందో తెలియకుండా పాపను తీసుకెళ్లడం సరికాదేమోనని నాకూ అనిపిస్తోంది. అధికారులు ఎండ వల్ల అని తేల్చారని చదివాను. నలుగురూ ఒకేసారి ఎండకు పోతారా? ఆ ప్రాంతం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

వీకెండ్ ట్రెకర్

అన్నా, నేను ఏడేళ్లుగా కాలిఫోర్నియాలో ట్రెక్కింగ్ చేస్తున్నాను. ఎండ అన్న మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. పెద్దాయన ఒక్కరు పోతే ఎండ అనుకోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు పెద్దవాళ్లు, పాప, కుక్క, అందరూ ఒకే చోట పోవడం ఏంటి? కుక్క అయితే నీడ వెతుక్కుని పోదా?

నా అనుమానం నది మీదే. ఆ దారి కింద పారే మెర్సెడ్ నది సౌత్ ఫోర్క్ నీళ్లలో పాచి నుంచి వచ్చే అనాటాక్సిన్ అనే విషం ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. ఆ వేసవిలోనే మెర్సెడ్ పక్కన 28 మైళ్ల మేర జనాన్ని రానివ్వకుండా మూసేశారు. ఏమీ లేకపోతే ఎందుకు మూస్తారు? పైగా కారణం చెప్పడానికి రెండు నెలలు పట్టింది. ఎండే అయితే రెండు రోజుల్లో చెప్పేవారు కదా. నన్నడిగితే ఆ వైపు వెళ్లకండి. ఇంకో సంవత్సరం వెళ్లొచ్చు.

ఖని బిడ్డ

తమ్ముడూ, నేను ఫ్రెస్నోలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మా ఇంటి నుంచి మారిపోసా గంటన్నర లోపే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదువు. మీ ఆవిడకు కూడా చదివి వినిపించు.

మొదట గ్యాస్ సంగతి. మా నాన్న సింగరేణిలో మైనింగ్ సర్దార్. గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు బాయి దిగాడు. షిఫ్టు మొదలయ్యే ముందు దీపం పట్టుకుని లోపలికి వెళ్లి గ్యాస్ ఉందో లేదో చూసి వచ్చేది సర్దారే. మీథేన్ తేలిక కాబట్టి కప్పు దగ్గర చూస్తారు. కార్బన్ డయాక్సైడ్ బరువు కాబట్టి కింద చూస్తారు, అక్కడ దీపం మంట కుంగిపోతుంది. ఆ 2021లో వీడియోలు చూసి నేనూ భయపడి నాన్నకు ఫోన్ చేశాను. అంతా విని ఒకటే అన్నాడు. "బయట గాలాడే గుట్ట మీద గ్యాస్ నిలవదు బిడ్డా. నిలవాలంటే పైన మూత ఉండాలె." ఆ కుటుంబం పడిపోయింది గనిలో కాదు, ఎండ నేరుగా పడే కొండ వాలు మీద.

అక్కడ పాత బంగారు గనులు ఉన్న మాట నిజమే. వాళ్లు దిగిన దారికున్న హైట్స్ కోవ్ అనే పేరే 1860లలో అక్కడ బంగారం తవ్విన హైట్ అనే మనిషి వల్ల వచ్చింది. అందుకే అధికారులు ఆ కోణాన్ని వదల్లేదు. సెప్టెంబరుకల్లా ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చారు. తుపాకీ గానీ వేరే ఆయుధం గానీ కాదు, పిడుగు కాదు, కార్బన్ మోనాక్సైడ్ కాదు, కార్బన్ డయాక్సైడ్ కాదు, సైనైడ్ కాదు, మత్తు మందులు కాదు, ఆత్మహత్య కాదు. అక్టోబరు 21న మారిపోసా షెరీఫ్ జెరెమీ బ్రీస్ కారణం చెప్పారు. విపరీతమైన వేడికి శరీరం ఉడికిపోవడం, దానితోపాటు బహుశా ఒంట్లో నీరు ఇంకిపోవడం. మన భాషలో దానికి పేరుంది కదా, వడదెబ్బ.

ఇక ఆ రోజు ఎలా గడిచిందో చూడు. ఆగస్టు 15, ఆదివారం. ఎనిమిది గంటల ప్రాంతంలో బయలుదేరారు. అప్పుడు అక్కడ 75 ఫారెన్‌హీట్, హాయిగా ఉండే పొద్దు. మొదట దారి కిందికే. నది దాకా సుమారు 2,000 అడుగులు దిగుడు. దిగేటప్పుడు ఎవరికీ కష్టం తెలియదు. తర్వాత నది పక్కనే కొంత నడక. ఆ తర్వాత మొదలవుతుంది సావేజ్ లండీ ట్రెయిల్, మెలికలు తిరుగుతూ నిట్టనిలువుగా పైకెక్కే దారి. మొత్తం చుట్టు సుమారు 8 మైళ్లు. ఎక్కుడు మొదలయ్యేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. మధ్యాహ్నానికి ఆ వాలు మీద 107 నుంచి 109, అంటే మన లెక్కలో 42, 43 డిగ్రీలు. రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో అలా. ఆ ఎండలో పాపను మోస్తూ కొండ ఎక్కాలి.

నీడ సంగతి కూడా చెప్పాలి. 2018లో ఫెర్గూసన్ మంటలు అక్కడ దాదాపు 97 వేల ఎకరాలు కాల్చేశాయి. మూడేళ్ల కిందట నవంబరులో నేనూ మా ఆయనా అక్కడ పై నుంచి కొంత దూరం దిగి చూశాం. నల్లగా మాడిన మొద్దులు, మధ్యలో మోకాలెత్తు పొదలు. నవంబరులో కూడా ఎక్కి వచ్చేసరికి నా వీపు మీద చొక్కా తడిసిపోయింది. కుక్క నీడకు పోదా అని అడిగారు ఒకరు. పోవడానికి అక్కడ చెట్టు ఉండాలి కదా.

వాళ్ల దగ్గర ఉన్న నీళ్లు 85 ఔన్సుల సంచి ఒకటి. అంటే రెండున్నర లీటర్లు. పాపకు పాలసీసా. అలాంటి ఎండలో ఎక్కే మనిషికి గంటకు లీటరు దాకా కావాలి. ఇద్దరికి నాలుగు గంటలంటే ఎనిమిది లీటర్లు, కుక్కకు వేరే. సంచి ఖాళీగా దొరికింది.

నన్ను ఎక్కువగా కదిలించింది తర్వాత 2022లో బయటికి వచ్చిన విషయం. ఎఫ్‌బీఐ వాళ్లు భర్త ఫోన్ తెరిపించారు. 11:56కు ఒక మెసేజ్ రాశారు. సాయం చేయగలరా, సావేజ్ లండీ ట్రెయిల్ మీద ఉన్నాం, నీళ్లు లేవు, పాపతో ఉన్నాం, వేడెక్కిపోతున్నాం అని. అది వెళ్లలేదు. తర్వాత పన్నెండు దాటాక ఐదు సార్లు ఫోన్ చేయబోయారు. ఒక్కటీ కలవలేదు, అక్కడ సిగ్నల్ లేదు. వాళ్లు వచ్చిన ట్రక్కుకు ఇంకా 1.6 మైళ్ల దూరం ఉంది. ఆయన కూర్చున్న చోటే, పక్కన పాప, కుక్క. ఆమె ఇంకాస్త పైన కనిపించింది. సాయం కోసం కదిలి ఉంటుందని నేననుకుంటాను. బయలుదేరిన నాలుగు గంటలకే ఏం జరుగుతోందో వాళ్లు వాళ్ల మాటల్లోనే చెప్పారు. నీళ్లు లేవు, వేడి. ఇంతకంటే సాక్ష్యం ఎవరిస్తారు? అయినా ఇప్పటికీ వీడియోల పైన "వీడని మిస్టరీ" అనే ఉంటుంది.

నేనింత పట్టుబట్టి రాయడానికి కారణం ఉంది. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకు దాదాపు రెండు వేల మంది పోయారు. వాళ్లలో మా చిన్నాన్న ఒకడు. మహదేవపూర్ వైపు మా ఊరు. 36 ఏళ్ల మనిషి, బస్తా వడ్లు ఒక్కడే భుజాన వేసుకునేవాడు. తునికాకు రోజులు. చిన్నమ్మా ఆయనా తెల్లవారక ముందే అడవికి పోయారు. తొమ్మిదింటికి ఆకు కట్టలు కట్టడానికి చిన్నమ్మ ఇంటికి వచ్చింది. ఆకు కొనే కల్లం ఇంకో రెండు రోజులే ఉంటుందని, ఇంకో మోపు తెస్తానని ఆయన ఆగిపోయాడు. రెండు లీటర్ల బాటిల్ ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఊరికి అర కిలోమీటరు దూరంలో ఇప్పచెట్టు కింద దొరికాడు. పక్కనే మోపు, తలకు తువ్వాల అట్లాగే ఉంది. బాటిల్ ఖాళీ.

ఊరు నమ్మలేదు. అంత గట్టి మనిషి ఎండకు పోతాడా అన్నారు. ఒకరు చేతబడి అన్నారు, ఒకరు పాము అన్నారు. పన్నెండో రోజుకల్లా ఆ మాట చిన్నమ్మ మీదికి మళ్లింది. పొద్దున సద్ది కట్టింది ఆమెనే కదా అని. పోస్టుమార్టం అయింది, తహసీల్దారు, ఎస్సై, డాక్టరు ముగ్గురూ వడదెబ్బేనని సంతకాలు పెట్టారు. అయినా మాట ఆగలేదు. మా తమ్ముడు, అంటే వాళ్ల బాబు, అప్పుడు నాలుగో తరగతి. బడిలో పిల్లలు "మీ అమ్మ సద్దిలో ఏం కలిపింది" అని అడిగితే ఇంటికి వచ్చి అదే మాట వాళ్ల అమ్మను అడిగాడు. చిన్నమ్మ ఆ తర్వాత ఆ ఊళ్లో ఉండలేక పుట్టింటికి పోయింది.

కాబట్టి ఆ మారిపోసా భార్యాభర్తల మీద ఎవరైనా "ఆయనే ఏదో చేసి ఉంటాడు" అని రాస్తే నాకు కడుపులో దేవినట్టు అవుతుంది. వాళ్లకూ అమ్మానాన్నలు, స్నేహితులు ఉన్నారు. అవన్నీ చదువుతారు.

నది పాచి గురించి. విషం నీళ్లలో దొరికిన మాట నిజం. నది పక్కన మూసింది ఆ అనుమానంతోనే, జాగ్రత్త కోసం. కారణం తెలియని రోజుల్లో మూయడమే సరైన పని. ఆ పాచి నీళ్లు తాగి కుక్కలు చనిపోవడం కాలిఫోర్నియాలో కొత్త కాదు, కాబట్టి నదిలో మీ పాపను ఆడించేటప్పుడు బోర్డులు చదువు. కానీ ఆ ముగ్గురి మరణానికి అది కారణమని పరీక్షలు చెప్పలేదు. కుక్క మరణానికి కచ్చితమైన కారణం తేలలేదు గానీ లక్షణాలు వేడికే సరిపోయాయన్నారు.

తమ్ముడూ, వెళ్లు. కానీ ఆ ఎండలో ఆ లోయలోకి దిగొద్దు. మారిపోసా ఊరు సముద్ర మట్టానికి 2,000 అడుగుల దగ్గరే ఉంటుంది, జూలైలో మండిపోతుంది. రాత్రి పడుకోవడానికే ఉంచుకో. పొద్దున ఆరింటికల్లా బయలుదేరి పార్కులోని యోసెమిటీ వ్యాలీకి పో. ఇంకా బాగుండాలంటే అదే పార్కులో పైన ఉన్న టువాలమీ మెడోస్‌కు పో, 8,600 అడుగుల ఎత్తు, చల్లగా ఉంటుంది. పెద్దవాళ్లకు అంత ఎత్తు పడుతుందో లేదో ముందు కనుక్కో. హైట్స్ కోవ్ చూడాలని ఉంటే హైవే 140 పక్కనుంచి వేరే దారి ఉంది, మార్చిలో వస్తే కొండంతా నారింజ రంగు పాపీ పూలు. అప్పుడు నేనే తీసుకెళ్తాను.

పిల్లల డాక్టర్, సెంట్రల్ వ్యాలీ

పైన అక్క రాసినదానికి రెండు మూడు మాటలు కలుపుతాను. రెండు నెలలు ఎందుకు పట్టిందని ఒకరు అడిగారు. వడదెబ్బతో పోయిన మనిషి శరీరంలో ఇదే కారణం అని చూపించే గుర్తు ఒకటంటూ ఉండదు. చనిపోయి రెండు రోజులైతే శరీరం వేడి కొలిచి లాభం లేదు. అందుకే విషాలు, మందులు, గాయాలు, రోగాలు అన్నీ పరీక్షించి, ఒక్కొక్కటీ కాదని తేలాక, ఆ రోజు ఎండనూ నీళ్లనూ చూసి నిర్ణయిస్తారు. ల్యాబుల నుంచి ఆ ఫలితాలు రావడానికే వారాలు పడుతుంది. ఆలస్యమైందంటే దాస్తున్నారని కాదు, వెతుకుతున్నారని.

పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే త్వరగా వేడెక్కుతుంది. బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కాబట్టి బయటి వేడి ఎక్కువ లాగుతుంది. చెమట తక్కువ. క్యారియర్‌లో పెడితే మోసేవాళ్ల ఒంటి వేడి కూడా దానికే తగులుతుంది, గాలి ఆడదు. దాహం అని చెప్పలేరు. కుక్కలు ఎక్కువగా రొప్పడం ద్వారానే చల్లబడతాయి, బయట గాలే వేడిగా ఉంటే అది సరిపోదు.

ఇంకొకటి. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. శ్రమ చేస్తూ వచ్చే వడదెబ్బలో చెమట ధారగా కారుతూనే ఉండొచ్చు. మాట తడబడటం, తికమక పడటం, అడుగులు తూలడం, ఇవి చూడండి. ఒంటి లోపలి వేడి 104 ఫారెన్‌హీట్ దాటి మనిషి అయోమయంగా ఉంటే అది ఎమర్జెన్సీ. 911కు ఫోన్ చేయండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా నీళ్లు పోసి, ఐస్ పెట్టి, విసురుతూ చల్లబరచండి. స్పృహ సరిగా లేనివాళ్లకు నోట్లో నీళ్లు పోయొద్దు.

వీకెండ్ ట్రెకర్

అక్కా, మెసేజ్ సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. నేను చూసిన వీడియోలన్నీ 2021 సెప్టెంబరులో చేసినవే. మీ చిన్నాన్నగారి గురించి చదివి చాలా బాధేసింది. "ఇద్దరు ఆరోగ్యవంతులు ఎండకు పోతారా" అని నేనూ అదే మాట అన్నాను. క్షమించండి.

ఒక్క ప్రశ్న. నీళ్లు అయిపోయాక వెనక్కి నదికి ఎందుకు దిగలేదు?

ఖని బిడ్డ

తమ్ముడూ, క్షమాపణ ఎందుకు. 2021లో నేనూ గ్యాస్ అనే అనుకున్నా కదా.

నది గురించి. వాళ్లు అప్పటికే చాలా ఎక్కేశారు. కిందికి దిగితే మళ్లీ అదే కొండ మొదటి నుంచి ఎక్కాలి, ఇంకా ముదిరిన ఎండలో. ట్రక్కు ముందు వైపు ఉంది. పాప ఏడుస్తుంటే ఎవరి కాళ్లయినా బండి ఉన్న వైపే నడుస్తాయి. డాక్టరుగారు చెప్పినట్టు వేడి మెదడుకెక్కాక సరిగ్గా ఆలోచించడం కూడా కష్టమే. మా చిన్నాన్న ఊరికి అర కిలోమీటరు దూరంలో పడిపోయాడు. పది అడుగుల్లో మా కుంట నీళ్లు కనబడే చోటు. అయినా లేవలేదు.

నువ్వు తరచూ ట్రెక్కింగ్‌కు పోతావు కాబట్టి చెప్తున్నా. సిగ్నల్ లేని చోటికి పోతే శాటిలైట్ మెసేజ్ పంపే పరికరం ఒకటి దగ్గర పెట్టుకో. 2022 నవంబరు నుంచి ఐఫోన్ 14లోనూ ఆ తర్వాతి వాటిలోనూ ఇక్కడ శాటిలైట్ ఎస్‌ఓఎస్ వచ్చింది. ఆ రోజు ఆయన చేతిలో అలాంటిది ఉంటే ఆ 11:56 మెసేజ్ వెళ్లేది.

శాన్ రామోన్ నాన్న

అక్కా, డాక్టర్ గారూ, అందరికీ థాంక్స్. రాత్రి భోజనాల దగ్గర అంతా చదివి వినిపించాను. మా ఆవిడ చిన్నాన్నగారి దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేసింది. మామయ్యగారిది రెంటచింతల. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మిర్చి కోతల్లో ఇద్దరు కూలీలు అలాగే పోయారని, అప్పుడు ఊళ్లో కల్తీ సారా అనుకున్నారని చెప్పారు. ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట మేం వినలేదు.

బుకింగ్ ఉంచుతున్నాం. వ్యాలీలో ఒక రోజు, ఇంకో రోజు టువాలమీ. పెద్దవాళ్ల బీపీ మాత్రల సంగతి డాక్టరును అడిగే బయలుదేరతాం. మా ఆవిడ వీడియోలు చూడటం ఆపింది, ఇప్పుడు ఐస్ బాక్స్ సైజులు చూస్తోంది. వ్యాలీలో స్ట్రోలర్ పోయే దారి ఏదైనా ఉందా?

ఖని బిడ్డ

ఉంది. కుక్స్ మెడో చుట్టూ దారి చదునుగా ఉంటుంది, స్ట్రోలర్ సాఫీగా పోతుంది. లోయర్ ఫాల్ దారి కూడా తారు వేసిందే, కానీ జూలై నడుస్తున్న కొద్దీ జలపాతంలో నీళ్లు తగ్గిపోతాయి, పొద్దున్నే వెళ్లి చూసేయండి. పదకొండు తర్వాత పాపను చెట్టు నీడలోనే ఉంచండి. వచ్చేటప్పుడు ఫ్రెస్నో మీదుగా రండి, భోజనం మా ఇంట్లో. మామయ్యగారిని మా నాన్నతో ఫోన్‌లో మాట్లాడిస్తాను.